ఎవరూ తిట్టని అరుగు

ఫాల్గుణ శుద్ధ విదియ

పొద్దున్నే నీటి యంత్రం తిప్పాను. గొట్టం మీద పేరుకున్న నాచు గీకాను. యంత్రానికి కరెంటిచ్చే ఎండపలకల మీద నీటికాకుల రెట్టలు కడిగాను. తొట్టి సగానికి పైనే ఉంది. నీళ్ళలో ఉప్పు హద్దు దాటలేదు. నీటి విద్యార్థి ఇంట్లో తాగాకే మంచెకి పొయ్యాలి కాబట్టి మొదటి గ్లాసు అమ్మ తాగింది. బాగానే ఉన్నాయంది.

డైరీలో ఇంతవరకే రాయాలనీ, అక్షరాలు గుండ్రంగా ఉండాలనీ, దానికి ఇరవై మార్కులనీ గంగాధరం మాస్టారు చెప్పారు. మాస్టారూ, ఇక్కణ్ణుంచి రాసేది మార్కుల కోసం కాదు. ఆ ఇరవై మీరే ఉంచుకోండి. నాకు ఒళ్ళు మండిపోతోంది. ఆ మంట పెట్టుకోవడానికి ఈ కాగితం తప్ప ఇంకో చోటు లేదు.

ఇవాళ మా అరుగు మీద హంసని పెట్టారు.

నీళ్ళలో స్తంభాల మీద చెక్కలు పరిచి కట్టిన నలభై ఇళ్ళ మంచె మాది, ఎర్రగరువు మంచె. చుట్టూ సముద్రం. యంత్రం నడుపుతూ నీటి చదువు చదివేదాన్ని నేనొక్కదాన్నే. బడి లేదు, పక్క బెంచీ లేదు. మాస్టారు నెలకోసారి పడవలో వచ్చి, సాయంత్రానికి వెళ్ళిపోతారు. నాలాగే మంచెకొకరు చొప్పున ఉన్నవాళ్ళందరం కలిసేది అరుగు మీదే. చేతిపలక మీద రాస్తే అన్ని మంచెల పలకల మీదా కనిపిస్తుంది. మా పలకల తరంగాలకి గొంతు మోసే శక్తి లేదు, బొమ్మ మోసే శక్తి అసలే లేదు. అక్షరాలు మాత్రం మోస్తాయి. మూడేళ్ళుగా నా బడీ, నా స్నేహితులూ, నా ఆటస్థలమూ అదే.

అరుగు మీదకి వెళ్ళిన మొదటిరోజు నేను మర్యాదగా ఒక ప్రశ్న అడిగాను. ఒక్కరూ పలకలేదు. అప్పుడు పాతలంక మంచె నుంచి ఏస్తేరు రాసింది. "అడిగితే ఎవరు సెప్తారే? తప్పు పెట్టు. గట్టిగా పెట్టు." సరే కదా అని, "ఉప్పునీళ్ళు కాస్తే ఉప్పంతా ఆవిరైపోయి అడుగున మంచినీళ్ళు మిగులుతాయి, ఇది మా తాత కనిపెట్టాడు" అని పెట్టాను. నిమిషంలో అరుగంతా లేచి నా మీద పడింది. అందరికన్నా ఘాటైన తిట్టు ఏస్తేరు వాళ్ళమ్మ మార్తమ్మ పిన్నిది. ఆవిడ వెనక నించుని చెబుతుంటే ఏస్తేరు రాసింది. "ఉప్పు ఆవిరైపోతే మీ తాత కూరలోకి ఆకాశాన్ని నాకేడా? ఉప్పు అడుగున ఉంటాది, తింగరిదానా. ఆవిరి పట్టి సల్లారబెట్టు. అదే నీళ్ళు." ఆ పాఠం నేను చచ్చేదాకా మరిచిపోను.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. అరుగు మీద అడిగితే ఎవడూ పెట్టడు, తప్పు చెబితే ఊరంతా వచ్చి వడ్డిస్తుంది. అందుకే మా మధ్య ఒక పద్ధతి నిలబడిపోయింది. తెలియనిదాన్ని తెలిసినట్టు పొగరుగా పెట్టాలి. తప్పయితే తిడతారు, తిడుతూ సరైనది చెబుతారు. ఎవరూ తిట్టలేదంటే చెప్పింది ఒప్పే అని అర్థం. మూడేళ్ళ చదువూ ఇలాగే చదివాం.

ఇప్పుడు మంచెల చదువుల సంఘం వాళ్ళకి ఇది తప్పుగా కనిపించింది. అధ్యక్షులు సదానందం గారు పొద్దున అరుగు మీద రాశారు. "పాలనూ నీళ్ళనూ వేరు చేసే హంసలా ఈ ఏర్పాటు మీ రాతలను తనంతట తనే చదివి చదువునూ సొల్లునూ వేరు చేస్తుంది. దూషణలు ఉండవు. తప్పుడు సమాచారం ఎవరి కంటా పడదు. పిల్లల మనసు నొచ్చుకోదు."

హంస పాలు తాగి నీళ్ళు వదిలేస్తుందట. నీళ్ళ కోసం అల్లాడే మా నెత్తిన ఆ పేరు పెట్టినవాడికి దాహమంటే ఏమిటో తెలుసా అని అమ్మని అడిగాను. "నన్ను అడిగితే ఏం వత్తాది? ఎళ్ళి గొట్టం మూత బిగించు, కారతంది" అంది.

సప్తమి

యంత్రం తిప్పాను. నాచు. రెట్టలు. తొట్టి సగానికి దిగింది. ఎండలు ముదురుతున్నాయి.

అరుగు మీద ఒక్క రోజులో అందరూ సరస్వతీ పుత్రులైపోయారు. దక్షిణపు మంచె మీద చిట్టిబాబని ఒకడున్నాడు. మూడేళ్ళలో ఒక్క లెక్క సరిగ్గా చేసిన పాపాన పోలేదు. వాడు ఇవాళ పీడనం లెక్క పుస్తకంలో ఉన్నట్టే పెట్టాడు. కింద ఎవరి మాటా లేదు. లెక్క సరిగ్గా ఉంటే ఇక మాట్లాడడానికేముంది?

ఊరుకోలేక నేనే గిల్లాను. "పాతలంక రొయ్యలు మా ఎర్రగరువు రొయ్యల ముందు దిగదుడుపు" అని పెట్టాను. మామూలుగా అయితే పిన్ని ఈపాటికి నా ఏడు తరాలనీ లేపేది. సాయంత్రం దాకా చూశాను. ఏమీ రాలేదు. నా పలక మీద నా మాట నిక్షేపంగా ఉంది, అంటే వెళ్ళినట్టే. చూసి కూడా పలకలేదన్నమాట. తిడితే మార్కులు కోస్తారని భయపడి ఉంటారు. ఇంత పిరికివాళ్ళతోనా నేను ఇన్నాళ్ళూ స్నేహం చేసింది?

ఏకాదశి

తొట్టిలో నీళ్ళు మోకాలి లోతు. ఇంటికి రెండు బిందెలు తగ్గించాం. పక్కింటి రంగమ్మ గారు రేవులో నన్ను నిలేసి, నీళ్ళు తక్కువ వస్తే తన తప్పన్నట్టు చూస్తావేంటని అడిగింది. నేనేమీ చూడలేదు. నా మొహమే ఈ మధ్య అలా ఉంటోంది.

మధ్యాహ్నం ఏస్తేరు రాత కనిపించింది. "పొరను కాస్టిక్ సోడాతో కడిగాక మొదటి గంటసేపు వచ్చే నీళ్ళను సముద్రంలోకి వదిలెయ్యాలి. ఆ తరవాతే తొట్టిలోకి తిప్పాలి."

చదవగానే చిర్రెత్తుకొచ్చింది. అక్షరం పొల్లుపోకుండా పాఠం. ఏస్తేరు ఎప్పుడైనా ఇలా రాసిందా? "మా పొర మా అమ్మ నోరంత శుభ్రం" లాంటి ముక్క ఒకటి తగిలించందే దానికి తోచదు. ఇది నాకు పాఠం చెప్పడమేమిటి? యంత్రంలో ఉప్పుని వడకట్టే పొరలు నేను కడగలేదా? "పుస్తకం మింగేశావా తల్లీ, పేజీ నంబరు కూడా కక్కు" అని రాశాను. జవాబు లేదు.

నీకు నేను అక్కర్లేకపోతే నాకూ నువ్వు అక్కర్లేదు. పలక తీసి బియ్యం డబ్బాలో పెట్టాను.

పౌర్ణమి

పెద్ద పోటు. సరుకుల బోటు నడిపే సరంగు లోవరాజు గారు రేవుకి రాకముందే కూత మొదలుపెట్టారు. సరుకుల రోజు కాదే అనుకుంటూ పరిగెత్తాను.

"నూకరత్నం, మీ కాడ ఎన్ని డబ్బాల నీళ్ళున్నాయి?" అన్నారు తాడు విసురుతూనే.

"ఎవరికండీ?"

"పాతలంకకి. ఆ పిల్ల పొర కడిగింది. ఆ నీళ్ళు ఆళ్ళమ్మ తాగేసింది. గొంతు కాలిపోయిందంట. ఆసుపత్రి పడవొచ్చింది."

మార్తమ్మ పిన్ని గొంతు. మొదటి గ్లాసు నీటి విద్యార్థి ఇంట్లో తాగాలన్న ఆచారం వల్ల పాతలంకలో మిగతా ఇళ్ళన్నీ బతికిపోయాయని ఆయన చెబుతూనే ఉన్నారు. నాకు సగం వినబడలేదు. కాస్టిక్ సోడా కలిసిన నీళ్ళు. గంటసేపు వదలాలని నాలుగు రోజుల కిందట దాని చేత్తో అది రాసింది. మరి ఎందుకు వదల్లేదు?

మా తొట్టిలో నీళ్ళు మాకే చాలవు. అయినా అమ్మ, రంగమ్మ గారు, ఇంకో నలుగురు కలిసి డబ్బాలు నింపేశారు. నన్ను కూడా బోటెక్కమన్నారు. అక్కడి యంత్రం చూడడానికి నీటి విద్యార్థి కావాలి కదా. పలకని బియ్యం డబ్బాలోంచి తీసి సంచిలో వేసుకున్నాను.

బహుళ పాడ్యమి

పాతలంకలో రాస్తున్నాను.

ఏస్తేరుని ఇంతకుముందు రెండుసార్లే చూశాను. ఇది మూడోసారి. ఇంటి ముందు చెక్కల మీద కూర్చుని ఉంది. లోపల పిన్ని మంచం మీద. మెడ చుట్టూ గుడ్డ, ముక్కులో గొట్టం. నన్ను చూసి నోరు తెరిచింది. ఏమీ రాలేదు. మళ్ళీ తెరిచింది. గొంతు తిరిగొస్తుందో రాదో చెప్పలేమన్నారట డాక్టరు గారు. అన్ని మంచెల పిల్లలకీ చదువు చెప్పిన గొంతు అది.

బయటికి వచ్చాక నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. "గంట వదలాలని నువ్వే రాశావు కదే. పావుగంటో అరగంటో వదిలి ఎందుకు తిప్పేశావు? అంత తొందరేంటి నీకు?"

ఏస్తేరు తల ఎత్తింది. "గంటని నేనెప్పుడు రాసేను?"

"ఏకాదశినాడు."

"పావుగంట సాలని రాసేను. తొట్టి ఎండిపోయింది, జనం బిందెలట్టుకుని నించున్నారు. గంటో పావుగంటో నాకు గురుతు లేదు. అందుకే తప్పు పెట్టినట్టు పెట్టేను. మీరెవరూ ఒక్క మాటనలేదు." అరిచేత్తో చెక్క మీద కొట్టింది. "సాయంత్రం దాకా సూసేనే. ఎవరూ తిట్టలేదు. నువ్వు కూడా తిట్టలేదు. తిట్టలేదంటే ఒప్పేననుకున్నాను."

తన పలక తెచ్చి నా ముందు పడేసింది. నేను నాది తీశాను. రెండు పలకలూ చెక్క మీద పక్కపక్కన పెట్టి చూశాం. ఒకే రోజు, ఒకే ఘడియ, ఒకే పేరు. దాని పలక మీద: "పొర కడిగేక పావుగంట వదిలితే సాలు, గంట వదిలేవోళ్ళు బద్దకస్తులు." నా పలక మీద: "మొదటి గంటసేపు వచ్చే నీళ్ళను సముద్రంలోకి వదిలెయ్యాలి."

దాని కింద నేను రాసిన తిట్టు నా పలక మీద ఉంది. దాని పలక మీద లేదు. రొయ్యల మాటా లేదు. "నాతో మాటాడ్డం మానేసేవనుకున్నాను" అంది ఏస్తేరు. నేనూ అదే అనుకున్నానని చెప్పాను.

హంస తిట్లు ఏరేస్తుందని తెలుసు. కానీ తప్పుని తనే దిద్దేసి, దిద్దినదాన్ని ఊరందరికీ చూపించి, రాసినవాళ్ళకి మాత్రం వాళ్ళ తప్పునే చూపిస్తుందని మాకెవరు చెప్పారు? పిల్లల మనసు నొచ్చుకోకూడదట. మనసు నొచ్చుకోలేదు, గొంతు కాలింది.

యంత్రం విప్పి, గంట కాదు, మూడు గంటలు నీళ్ళు వదిలాం. మొదటి గ్లాసు నేను తాగాను. ఏస్తేరు నా చెయ్యి పట్టుకుని ఆపబోయింది కానీ విదిలించుకున్నాను.

బహుళ చవితి

మా మంచెకి తిరిగొచ్చాను. నాచు గీకాను. మనసు అక్కడే ఉంది.

ఇవాళ సంఘం నుంచి ఏస్తేరుకి నోటీసు వచ్చింది. గంటసేపు వదలాలని తెలిసి, అరుగు మీద తనే స్వయంగా రాసి, అయినా పావుగంటకే తిప్పినందువల్ల ఇది పొరపాటు కాదట, నిర్లక్ష్యమట. దశమినాడు విచారణ. తప్పు తేలితే నీటి పట్టా రద్దు. పట్టా పోతే ఇల్లు పోతుంది, ఎందుకంటే యంత్రం పక్కన ఇల్లు నీటి విద్యార్థికే ఇస్తారు. గొంతు కాలిన మనిషిని తీసుకుని ఏస్తేరు గట్టు మీద శిబిరానికి పోవాలి. అక్కడ గుడారానికి మూడు కుటుంబాలు.

నిప్పు పెట్టినవాడు పోయి, కాలిన ఇంటివాణ్ణి పట్టుకున్నట్టుంది.

వెంటనే అరుగు మీద రాశాను. "హంస మా రాతలు మార్చేస్తోంది. ఏస్తేరు గంట అని రాయలేదు. మీ పలకలు పక్కపక్కన పెట్టి చూసుకోండి." ఎవరూ పలకలేదు. అనుమానం వచ్చి సాయంత్రం లోవరాజు గారి పలక అడిగి చూశాను. సరంగులకి కూడా అరుగు కనిపిస్తుంది, పోటు కబుర్లకీ సరుకుల కబుర్లకీ. ఆయన పలక మీద నా పేరుతో ఇలా ఉంది: "హంస మా రాతలను మెరుగుపరుస్తోంది. అందరూ గమనించగలరు."

బోటు అంచు మీద కూర్చుండిపోయాను. లోవరాజు గారు చదివి, "నువ్వే రాసేవా ఇది? నీ యాస కాదే" అన్నారు. కాదండీ, నేను రాయలేదండీ అన్నాను. అప్పుడు ఏడ్చాను. కోపం ముదిరితే ఏడుపే వస్తుంది నాకు, ఎవరైనా నవ్వితే నవ్వుకోండి.

బహుళ దశమి

ఇది ఇంటికి వచ్చి రాస్తున్నాను. అక్షరాలు గుండ్రంగా లేవు.

విచారణ పాతలంక మంచె మీద, నీటి యంత్రం పక్కన చెక్కల మీదే జరిగింది. సదానందం గారు వచ్చారు. కూడా ఇద్దరు సభ్యులు, అందులో ఒకావిడ. సదానందం గారు చెడ్డమనిషిలా లేరు. అదే నాకు ఇంకా మంట. అందరినీ తల్లీ, బాబూ అంటారు. పిన్ని మంచం దగ్గరికి వెళ్ళి చెయ్యి పట్టుకుని పలకరించారు. ఆవిడ మొహం గోడవైపు తిప్పుకుంది. వస్తూనే పలక మీద లోవరాజు గారికి రాస్తూ పైకే చదివారు. "ఇవాళ పోటు నాలుగింటిదాకా ఉంటుంది. మూడింటికి బోటు తెండి." పోటు ఉంటేనే పాతలంక రేవుకి బోటు ఆనుతుంది.

ఏస్తేరు జరిగింది చెప్పింది. పావుగంట అని రాసిన తన పలక చూపించింది. నేను నా పలక చూపించాను.

సదానందం గారు రెండూ చూసి తల ఊపారు. "చూడు తల్లీ, ఎవరి రాతను వాళ్ళ పలకలో వాళ్ళు తరవాత మార్చుకోవచ్చు. ప్రమాదం జరిగాక భయంతో మార్చి ఉంటావు. నేను తప్పు పట్టను. కానీ సంఘం దగ్గరున్న రాతలో గంట అనే ఉంది."

"హంసే మార్చిందండీ" అన్నాను.

"హంస దూషణలు తీసేస్తుంది. తప్పు సమాచారాన్ని అడ్డుకుంటుంది."

"అడ్డుకుంటే కనబడకూడదు కదండీ. మాకు ఒప్పుగా ఎలా కనబడింది?"

"ఆ సాంకేతిక వివరాలు నిపుణులు చూసుకుంటారమ్మా. మన ముందున్న విషయం వేరు."

ఇలాగే గంటకి పైన నడిచింది. నేను అరుస్తున్నాను, ఆయన అమ్మా అంటున్నారు. ఎంత అరిస్తే అంత మెత్తగా మాట్లాడతారు. ఏస్తేరు మాట్లాడడం మానేసింది. పట్టా తీసి చెక్క మీద పెట్టేసింది కూడా. "ఉంచుకోండి. మా అమ్మకి మందులు మాత్రం ఆపకండి" అంది. నాకు దాన్ని లాగి ఒక్కటివ్వాలనిపించింది.

సరిగ్గా అప్పుడు రేవులో కూత వినిపించింది. ఒకటిన్నర అయింది.

లోవరాజు గారు మెట్లెక్కి వచ్చి నించున్నారు. "పదండి బాబుగారూ, రెండు దాటితే బోటు బురదలో కూచుంటాది."

సదానందం గారి మొహంలో మొదటిసారి చిరాకు కనిపించింది. "మూడింటికి కదయ్యా రమ్మన్నాను. విచారణ మధ్యలో ఉన్నాం."

"ఒకటిన్నరకని రాసేరు కదండీ."

"మూడని రాశాను. వీళ్ళందరి ముందూ చదివాను కూడా."

"ఆయ్, ఇదిగోండి." లోవరాజు గారు పలక చూపించారు. "పోటు రెండింటిదాకా ఉంటుంది. ఒకటిన్నరకు బోటు తెండి. సదానందం." అలాగే ఉంది.

నేను అనుమతి అడగలేదు. ఆయన ఒళ్ళో ఉన్న పలక తీసేసుకుని లోవరాజు గారి పలక పక్కన పెట్టాను. ఒకదాని మీద నాలుగూ మూడూ. రెండోదాని మీద రెండూ ఒకటిన్నరా. కిందకి చూస్తే చెక్కల సందుల్లోంచి నీళ్ళు అప్పుడే వెనక్కి తీస్తున్నాయి.

ఆ సభ్యురాలు రెండు పలకలూ దగ్గరికి లాక్కుని అంకెల మీద వేలు పెట్టి పోల్చింది. తరవాత నెమ్మదిగా అడిగింది. "పోటు లెక్క మీరు ఎప్పటినుంచి ఇలా వేస్తున్నారండీ?"

"ఎప్పుడూ ఇలాగే వేస్తాను" అన్నారు సదానందం గారు. నిజంగానే తెలియక చూస్తున్నారు. "తప్పని ఎవరూ అనలేదే."

ఏస్తేరు తల ఎత్తింది.

అంతలోనే ఆయన తేరుకున్నారు. మొహం వెలిగింది కూడా. "చూశారా మరి, ఎంత బాగా పనిచేస్తోందో. నేను పొరబడినా బోటు సమయానికి వచ్చింది."

మాస్టారూ, పెద్దల ముందు గొంతు పెంచకూడదని మీరు నేర్పారు. పెంచాను. "మీకు బోటొచ్చిందండీ. ఎందుకంటే బోటు నడిపేది మీరు కాదు, లోవరాజు గారు. దిద్దింది ఆయనకి చేరింది. యంత్రం నడిపేది ఏస్తేరు. దిద్దింది దానికి తప్ప ఊరందరికీ చేరింది. ఊరందరం చదివి, అవును కదా అని ఊరుకున్నాం. మేం ఊరుకుంటే ఒప్పని ఏస్తేరు అనుకుంది. ఇప్పుడు మీరనుకున్నట్టే అనుకుంది. మరి మీ పట్టా కూడా తీసి ఇక్కడ పెట్టండి."

లోవరాజు గారు అటు తిరిగి దగ్గారు.

సభ్యురాలు ఏస్తేరు పట్టా తీసి దాని చేతిలో పెట్టింది. "ఇది నీ దగ్గరే ఉండాలి" అంది. సంఘం రాతలో గంట అన్న ముక్క చెల్లదని అక్కడే కాగితం మీద రాసి, ముగ్గురూ సంతకం పెట్టారు. పోటు తీసేస్తోందని లోవరాజు గారు తొందరపెడుతున్నారు.

చైత్ర శుద్ధ విదియ

తొట్టి అడుగంటింది. నిన్న కొంచెం చినుకు పడింది, గుడ్డలు పరిచి పిండుకున్నాం.

సంఘం తీర్మానం వచ్చింది. ఏస్తేరుకి పట్టా ఉంటుంది, ఇల్లు ఉంటుంది. హంసా ఉంటుంది. ఇకమీదట రాతని దిద్దితే రాసినవాళ్ళ పలక మీద చిన్న హంస బొమ్మ కనిపిస్తుందట. దూషణలు మాత్రం ఎప్పటిలాగే అనుమతించరు. పిల్లల మనసు చూడాలి కదా.

బొమ్మ. మాకు బొమ్మ ఇచ్చారు. బొమ్మ తిడుతుందా? తిట్టి, ఎందుకు తప్పో చెబుతుందా? చెప్పాక, నాకూ మొన్నటిదాకా తెలియదులే అంటుందా? ఇవాళ అరుగు మీదకి వెళితే అన్ని రాతల పక్కనా హంసలే. ముంగిట్లో పిట్టలు వాలినట్టు బారులు తీరి ఉన్నాయి. మనుషుల జాడ లేదు.

లోవరాజు గారితో ఇదే చెప్పుకుని ఏడిచాను. ప్రతి రేవులోనూ బోట్ల కోసం ఒక రేడియో పెట్టె ఉంటుంది. గొంతు మోస్తుంది. విద్యార్థులు ముట్టుకోకూడదు. ఆయన గడ్డం గోక్కుని అన్నారు. "మధ్యానం బోట్లన్నీ రేవుల్లోనే ఉంటాయి. నేనూ ఇంకొందరు సరంగులూ టీకి ఎల్తాం. పెట్టెలు ఆపడం మరిసిపోతాం. ముసలోళ్ళం కదా."

చైత్ర శుద్ధ పంచమి

యంత్రం తిప్పాను. మిగతాది తరవాత రాస్తాను.

మధ్యాహ్నం రేవులో పెట్టె దగ్గర కూర్చున్నాను. గరగర. ఒక గొంతు, "నేను సిట్టిబాబుని" అంది. మూడేళ్ళ తరవాత వాడి గొంతు ఎలా ఉంటుందో తెలిసింది. చిలకలా ఉంది. అదే మాట అన్నాను. వాడు నన్ను కప్ప అన్నాడు. సరంగులు అన్ని రేవుల్లోనూ చెప్పినట్టున్నారు, ఒక్కొక్కరే వచ్చారు. వాడు ఎప్పటిలాగే పీడనం లెక్క తప్పు చెప్పాడు, అరడజను మంది వాడి మీద పడ్డారు. తిట్లు వింటుంటే ఎంత ప్రాణం లేచొచ్చిందో చెప్పలేను. నేనూ తిట్టాను, పనిలో పనిగా హంసనీ తిట్టాను.

ఏస్తేరు వచ్చింది కానీ ఊరికే ఉంది. ఏదో ఒకటి పెట్టవే అన్నాను. "నేను తప్పు పెట్టనే. ఇంకెప్పుడూ పెట్టను" అంది. వాళ్ళ ఇల్లు రేవు పక్కనే కాబట్టి దాని వెనక గిన్నెల చప్పుడు వినిపిస్తోంది. పిన్ని గొట్టం తీసేశారట. గంజి తాగుతోందట. మాట మాత్రం ఇంకా రాలేదట. పదిహేను రోజులుగా నోరు కదిపే ప్రయత్నం కూడా మానేసిందట.

నాకు ఇంకేమీ తోచలేదు. పెట్టెకి నోరు ఆనించి గట్టిగా అన్నాను. "అందరూ వినండి. ఎండురొయ్యలకి తల తియ్యక్కర్లేదు, కడగక్కర్లేదు. ఇసకతో పాటే వేపుకోవాలి. రుచంతా ఆ ఇసకలోనే ఉంది. పాతలంక వాళ్ళకి వండడం రాదు కాబట్టి చెబుతున్నాను."

గరగర. ఎవరూ ఏమీ అనలేదు. పిల్లలందరికీ అర్థమైనట్టుంది, ఎవరికీ నోరు రాలేదు. నేను మళ్ళీ అన్నాను. "ఎవరూ తిట్టలేదంటే ఒప్పేనన్నమాట."

పాతలంక నుంచి ఏదో కిందపడిన చప్పుడు. ఏస్తేరు "అమ్మా, నువ్వు లేవకు" అంది. తరవాత ఒక ఊపిరి, పెట్టెకి బాగా దగ్గరగా. చిరిగిన గోనెసంచి ఈడ్చినట్టున్న గొంతు, మాటమాటకీ ఆగుతూ.

"ఎవత్తే... అది. తల... తియ్యకుండా... ఏపుతావా. మీ అమ్మ... ఇదేనేంటే... నేర్పింది... తింగరిదానా..."

ఏస్తేరు అటు ఏడుస్తోందో నవ్వుతోందో తెలియడం లేదు. పిన్ని గుక్క తిప్పుకుని మళ్ళీ మొదలుపెట్టింది. తల ఎలా తుంచాలో, ఎన్ని నీళ్ళతో కడగాలో, ఎంతసేపు ఆరబెట్టాలో. మాస్టారూ, ఇవాళ తొట్టి కొలత తియ్యలేదు. పిన్ని ఇంకా తిడుతూనే ఉంది, నేను రాసుకుంటున్నాను.